పేరు చెబితే చాలు

చీమకుర్తి దాటాక క్వారీ గేటు పక్కన
కంటైనరు పెట్టెలో మా ఆఫీసు.
లోపల ఏసీ, బయట రాతిపొడి, మధ్యలో ఒక అద్దం.
ఆ అద్దం తుడవడంతో మొదలవుతుంది రోజూ నా ఉద్యోగం.

నాకు ముందున్నాయన
రాళ్ళకొక ప్రోగ్రాం, లారీలకొకటి,
మనుషుల హాజరుకింకొకటి రాసిపెట్టి పోయాడు.
పొడవు అడగడానికొక ఫంక్షను,
వెడల్పు అడగడానికి వేరే, ఎత్తుకి మళ్ళీ వేరే.
ఇంటికొచ్చిన చుట్టానికి
గ్లాసు తెచ్చేందుకొకరు, నీళ్ళు పోసేందుకొకరు,
తాగావా అని అడిగేందుకు ఇంకొకరు ఉన్నట్టు.

అన్నీ కొట్టేసి రెండే రాశాను.
ఒకటి అడుగుతుంది. ఒకటి రాస్తుంది.
ఎదురుగా ఉన్నది రాయో లారీయో
దానికి తెలియదు, తెలియనక్కర్లేదు.
"నీలో ఏమేం ఉన్నాయి?" అంటుంది మొదట.
వస్తువే చెబుతుంది తన గదుల పేర్లు.
ఒక్కో పేరుతో ఒక్కో తలుపు తట్టి
లోపలున్నది పట్టుకొస్తుంది.

రాత్రి ఒంటిగంటకి మొదటిసారి నడిచింది.
బ్లాకు నాలుగొందల పదిహేడు. పొడవు రెండొందల తొంభై.
రంగు నలుపు. చుక్క బంగారం.
లారీ. టైర్లు పద్నాలుగు. బ్రేకులు చూడాలి.
అన్నీ ఒకే గొంతుతో పలికాయి.
కంటైనరులో ఒక్కదాన్నే
చప్పట్లు కొట్టుకున్నాను.

తెల్లారి యేసురత్నం వచ్చాడు
చెప్పులు బయటే వదిలి, పెయింటు డబ్బా వదలకుండా.
ఇరవై రెండేళ్ళుగా రాళ్ళ మీద
తెల్లటి అంకెలు వేస్తున్న మనిషి.
"ఇయ్యేందమ్మాయ్?"
ప్రాపర్టీలు అన్నాను.
"రాళ్ళకా!" నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ నవ్వాడు.
"రాళ్ళకే ఉండయ్యా, మాకేమన్నా ఉంటే చూడు."

చూశాను.
అదే ఫంక్షను, అదే గొంతు.
పేరు యేసురత్నం. తండ్రి ఇశ్రాయేలు.
టోకెను, షిఫ్టు, దినకూలి.
బకాయి ఇచ్చే తేదీ దగ్గర ఆగిపోయింది.
తేదీ ఉండాల్సిన గదిలో ఎవరో
"రేపు" అని పెట్టారు.
రకం కుదరడం లేదని ఎర్రగీత.
ఆయన కూడబలుక్కుని చదివి
"అదొక్కటీ సరిగ్గా రాసినార్లే" అన్నాడు.

మళ్ళీ దగ్గాడు.
నా వేళ్ళు వాటంతటవే అడిగాయి: దగ్గు?
ఆ పేరుతో ఇక్కడేమీ లేదంది.
అక్షరం తప్పిందేమోనని
ఇంకోసారి అడిగాను. లేదు.

ఎవరినైనా ఏదైనా అడగగలదని రాత్రంతా మురిశానా,
కట్టని గది తలుపు
అదెట్లా తడుతుంది?

బయటికి తీసుకెళ్ళాడు.
నాలుగొందల పదిహేడు మీద బకెట్టు నీళ్ళు కుమ్మరించి
"ఆగు" అన్నాడు.
ఎండకి రాయంతా ఆరిపోయింది,
వెంట్రుకంత గీత ఒక్కటి తడిగానే మిగిలింది.
"పగులు. నీ పెట్టెలో ఉందా ఇది?"

లేదు. పగులు అని ఒక గది కట్టాను.
ఓనరుగారు సాయంత్రానికల్లా మెచ్చుకున్నారు.
మనుషుల క్లాసులో దగ్గు అని ఇంకోటి కడితే
"అదెందుకమ్మా మనకి?" అన్నారు.
తీసెయ్యమని మాత్రం అనలేదు,
ఫోను వచ్చింది ఆయనకి.

మర్నాడు యేసురత్నానికి చూపించాను.
అడిగింది యంత్రం. ఖాళీ అంది.
"అడిగేదొకటి, రాసేదొకటి అన్నావుగా.
రాసేది యాడ?"
కుర్చీ ఇచ్చి లేచాను.
రాతి మీద నిమిషానికో నంబరు వేసే చెయ్యి
ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంది.
ఉ.
సున్నా ఎక్కడుందో చూపించాను.
ది.

ఎంటరు మీద
ఇప్పటికీ ఉంది తెల్ల పెయింటు.